మంత్రిగారి తరపు మాత్ర

రక్తపోటును ఈ ఏడాది చివరికల్లా దేశంలో రద్దు చేస్తున్నట్టు ఆరోగ్యశాఖామాత్యులు ప్రెస్‌మీట్‌లో ప్రకటించారు. తగ్గిస్తామని కాదు, అదుపులో పెడతామని కాదు, రద్దు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖం కందగడ్డలా జేవురించింది. కణత మీద నరం ఒకటి తాడులా లేచి నిలబడింది. విలేఖరులు దాన్ని చిత్తశుద్ధి అనుకుని ఫోటోలు తీసుకున్నారు.

జబ్బును రద్దు చెయ్యడం ఎలా కుదురుతుందండీ అని వెనక వరసలోంచి ఒక కుర్రకుంక అడిగాడు.

"ప్రభుత్వం తలుచుకుంటే కుదరందేముందయ్యా? పోయినేడు ప్రతిపక్షం వాళ్ళ సభని రద్దు చెయ్యలేదూ?" అన్నారు మంత్రిగారు.

ఇంత పకడ్బందీ తర్కానికి చప్పట్లు కొట్టకుండా ఎవరుంటారు? మొదటి చప్పట మంత్రిగారి కుర్చీ వెనకనుంచి వినిపించింది. అది ఆయన ఆంతరంగిక కార్యదర్శిది. అతనికి అమ్మానాన్నా పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది గాని, వాడుక లేక తుప్పు పట్టిపోయింది. సచివాలయంలో బంట్రోతు దగ్గర్నుంచి పై అధికారి దాకా అందరూ అతన్ని బదులయ్య అనే పిలుస్తారు.

ఆ బిరుదు ఊరికే రాలేదు. మంత్రిగారు ఊపిరి సలపని మనిషి. ఏ పనిలో సలపదో ఎవరికీ తెలియదు గాని సలపదన్నది మాత్రం లోకవిదితం. కాబట్టి ఆయన వెళ్ళాల్సిన చోటికల్లా బదులయ్య వెళ్ళేవాడు. చావు ఇంటికి వెళ్ళి మంత్రిగారి తరపున ఏడ్చేవాడు. పోయినవాడి కన్నకొడుకులే సిగ్గుపడి గొంతు పెంచాల్సి వచ్చేదంటే ఆ ఏడుపు నాణ్యత ఊహించుకోవచ్చు. పదవి రాకముందు మంత్రిగారు నిరవధిక నిరాహారదీక్ష చేసినప్పుడు పస్తున్నది బదులయ్య. చిక్కి శల్యమయ్యారని పేపర్లు రాసింది మాత్రం మంత్రిగారి గురించి. ఇంకోసారి పార్టీ పెద్దాయనకి ఒళ్ళు మండి, నాలుగు తిట్లు తిట్టడానికి మంత్రిగారిని రమ్మని కబురు పెట్టాడు. ఆ తిట్లు తినడానికీ బదులయ్యే వెళ్ళాడు. పెద్దాయన ఎదుట ఉన్నదెవరో చూడకుండానే కడుపారా తిట్టాడు. బదులయ్య తలొంచుకుని విని, తిరిగొచ్చి, మంత్రిగారికి సారాంశం విన్నవించుకున్నాడు. ఆయన సారాంశం విని కూడా నొచ్చుకున్నారు. అంత సున్నిత హృదయం.

రక్తపోటు రద్దు ఉద్యమం మంత్రిగారి దండ చెయ్యి నుంచే మొదలవ్వాలని తీర్మానమైంది. కెమెరాల ముందు ఆయన చేతికి పట్టీ కట్టి చూస్తే, దేశమంతా ఆయన దారిలో నడుస్తుందన్నమాట. రిహార్సల్ లేనిదే మంత్రిగారు తుమ్మరు కూడాను. అందుకని ముందురోజు ప్రభుత్వాసుపత్రి డాక్టరమ్మను ఆఫీసుకి పిలిపించారు.

ఆవిడ పట్టీ కట్టి, గాలి కొట్టి, ముల్లు వంక చూసి, రెండో చేతికి కట్టింది. తరవాత ఆయన్ని మాట్లాడకుండా కాసేపు కూచోమంది. మంత్రి అయ్యాక ఆయన్ని ఎవరూ కోరని కోరిక అది. మళ్ళీ చూసింది. పై అంకె రెండు వందలు దాటి నిలబడింది.

"పొద్దున్నే తల వెనక నొప్పిగా ఉంటుందా అండీ?"

"ఉంటుంది. అది ప్రతిపక్షం."

"మెట్లెక్కితే ఆయాసం?"

"మా బంగళాలో లిఫ్టుంది."

"చూపు మసకబారుతోందా?"

"ఫైళ్ళు చదివే అలవాటుంటే గదమ్మా తెలిసేది."

డాక్టరమ్మ నవ్వలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని, పిల్లవాడికి చెప్పినట్టు చెప్పింది. ఇది నొప్పి పెట్టే జబ్బు కాదు, కేక పెట్టే జబ్బు కాదు. బాగున్నాననుకుంటూ తిరుగుతుంటే లోపల గుండెని, మూత్రపిండాలని, కంటి నరాలని, మెదడు నరాలని చడీచప్పుడూ లేకుండా కొరికేస్తుంది. మాత్ర రోజూ వేసుకోవాలి, బాగుందని మానకూడదు, ఉప్పు తగ్గించాలి. వేసుకోకపోతే ఏమవుతుందని బదులయ్యే అడిగాడు, మంత్రిగారి తరపున.

"ఒకరోజు మాట్లాడుతూ మాట్లాడుతూ ఉండగా మూతి పక్కకి పోతుంది. ఆ రోజు నేనూ ఏమీ చెయ్యలేను" అంది.

మంత్రిగారి బెంగ వేరే. రేపు రద్దు చెయ్యబోయే జబ్బు ఇవాళ తన ఒంట్లోనే కాపురముందని బయటికి పొక్కితే? ఆరోగ్యం లేని ఆరోగ్యమంత్రి అని ప్రతిపక్షం పాటలు కట్టదూ? పెద్దాయన పీకి పారెయ్యడూ? గది తలుపులు మూయించి, కిటికీలు మూయించి, చివరికి డాక్టరమ్మ నోరు కూడా మూయించారు.

మర్నాడు కెమెరాల ముందు జరిగిన ఘట్టం చూసినవాళ్ళ జన్మ ధన్యం. మంత్రిగారు పెద్ద కోటు తొడుక్కుని కూచున్నారు. కుడి చెయ్యి కోటు లోపల పొట్ట మీద విశ్రాంతి తీసుకుంటోంది. కుర్చీ వెనక మోకాళ్ళ మీదున్న బదులయ్య తన చేతిని వెనకనుంచి కోటు చేతిలోకి దూర్చి బయటికి చాపాడు. వేళ్ళకి మంత్రిగారి ఉంగరాలే. నూట ఇరవై బై ఎనభై అని చదివారు. హాలు హోరెత్తింది. "నాకు లేదు, మీకెందుకు?" అని మంత్రిగారు జనాన్ని నిలదీశారు. ఆ మాటే మర్నాడు ఊరూరా గోడలెక్కింది.

డాక్టరమ్మ ఒక్కర్తే ఆ చెయ్యి ఎవరిదని అడిగింది. పై వారమే ఆవిణ్ణి సముద్రం అవతల, దీపస్తంభం తప్ప మరో ఇల్లు లేని దీవిలో ఆసుపత్రికి బదిలీ చేశారు. ఆసుపత్రి అక్కడ ఇంకా కట్టలేదు. ఆవిడ వెళ్ళి కట్టించుకోవాలి. ఆవిడ స్థానంలో మరో డాక్టరు వచ్చాడు. ఎప్పుడూ నవ్వు ముఖమే. ఏ చెయ్యి చాపితే ఆ చేతికి పట్టీ కట్టేవాడు.

డాక్టరమ్మ రాసిన మాత్రలు మాత్రం బల్ల మీద మిగిలాయి. మంత్రిగారు వాటిని వేలితో బదులయ్య వైపు నెట్టి, వీటి సంగతి నువ్వు చూసుకో అన్నారు. చూసుకోవడమంటే వేళకి గుర్తు చెయ్యడమనుకుని, తమరు పొద్దున వేసుకుంటారా, రాత్రా అని అతను వినయంగా అడిగాడు.

మంత్రిగారు అతన్ని ఎగాదిగా చూశారు. "నేను వేసుకోవడమేంటయ్యా? అంతా కొత్తగా మాట్లాడతావు. దీక్షలో పస్తున్నది ఎవరు?"

"నేనేనండి."

"చిక్కిపోయింది ఎవరు?"

"పేపర్ల ప్రకారం తమరేనండి."

"మరింకేం."

కాదనడానికి సందేది? ఆ పూట నుంచి మంత్రిగారి రక్తపోటుకి బదులయ్య మాత్రలు మింగడం మొదలుపెట్టాడు. అతని ఒంట్లో రక్తం పాపం గంగిగోవు లాంటిది. ఉన్న పోటే అంతంతమాత్రం. దాని మీద ఈ మాత్ర పడేసరికి లేచి నిలబడితే కళ్ళు బైర్లు కమ్మేవి, గోడలు గిర్రున తిరిగేవి. ఒకసారి అసెంబ్లీ లాబీలో ప్రతిపక్ష నాయకుడి మీదే వాలిపోయాడు. పార్టీ ఫిరాయిస్తున్నాడని గంటసేపు కలకలం రేగింది.

ఇంట్లో ఉప్పు కూడా మానేశాడు, మంత్రిగారి తరపున. అతని భార్యది సూటి నోరు. మొదటివారం ఊరుకుంది. రెండోవారం కంచం ఠక్కున ముందు పెట్టి నిలదీసింది.

"ఏమండీ, జబ్బు ఆయనది, మాత్ర మీది, చప్పిడి తిండి నాదీ పిల్లలదీనా? ఆయనకి నెప్పులొస్తే పురుడు కూడా నన్నే పోసుకోమంటారా?"

"నీకు రాజకీయాలు తెలీవే" అన్నాడతను, గోడ పట్టుకుని లేస్తూ.

"నాకు తెలీదు. మీరు పడిపోతున్నారని తెలుసు. అవతల ఆయన పేలిపోతాడని తెలుసు. ఒకరి దాహానికి ఇంకొకరు నీళ్ళు తాగితే ఎక్కడన్నా తీరిందీ?"

బదులయ్యకీ తెలుసు. తెలిసినదాన్ని లోపలే నొక్కి పెట్టుకోవడం అతని ఉద్యోగంలో ఒక భాగం. ఇరవై ఏళ్ళ కిందట బస్‌స్టాండులో టిక్కెట్లు చింపుకునే తనని చెయ్యి పట్టి తెచ్చి పక్కన నిలబెట్టుకున్న మనిషి ఆయన. ఆ మనిషి పేలిపోవడం అతనికి ఇష్టం లేదు. ఆ సంగతి ఆ మనిషికే చెప్పే ధైర్యమూ లేదు.

ఇదిలా ఉండగా నవ్వు డాక్టరు ప్రతి నెలా వచ్చి బదులయ్య చేతికి పట్టీ కట్టి, మంత్రిగారిని అభినందించి వెళ్ళేవాడు. అంకెలు మరీ దిగజారుతున్నాయని మూడోసారి మాత్ర సగం చేశాడు. చికిత్స ఇంత బాగా పనిచేస్తుంటే ఇంక పథ్యమెందుకని మంత్రిగారు తిండిలో ఉప్పు రెండింతలు చేశారు.

ఇక ఉద్యమానికి ఊహించని చిక్కొచ్చి పడింది. రద్దు చేసిన జబ్బు ఊరూరా బయటపడుతోంది. ఎక్కడ పరీక్ష పెడితే అక్కడ, చూసిన ముగ్గురిలో ఒకడికి పోటు. అధికారులు వణుకుతూ వచ్చి విన్నవించారు. మంత్రిగారు కణతలు నొక్కుకుంటూ, ఎక్కడెక్కడ బయటపడుతోందని అడిగారు. పోటు కొలిచే మిషన్లు పంపిన చోటల్లానండి అన్నారు వాళ్ళు. మిషన్లు పంపని చోట? అక్కడ ఒక్క కేసూ లేదండి.

"చదువుకున్నవాళ్ళు, నేను చెప్పాలా?" అన్నారు మంత్రిగారు.

వారం తిరక్కుండా మిషన్లన్నీ వెనక్కి తెప్పించి గోదాములో పెట్టి తాళం వేశారు. కేసులు సున్నాకి దిగాయి. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత పెద్ద జబ్బును అణచిన దేశం మరొకటి లేదని పత్రికలు సంపాదకీయాలు రాశాయి. ఆ రోజుల్లోనే ఒక బస్సు డ్రైవరు స్టీరింగు మీదే వాలిపోయాడు. ఒక లెక్కల మాస్టారు బోర్డు ముందు సుద్దముక్క పట్టుకుని కుప్పకూలాడు. ఒక దర్జీకి తెల్లారి లేచేసరికి కుడి చెయ్యి లేదు, అంటే ఉంది గాని మాట వినడం లేదు. వీటన్నిటినీ 'ఆకస్మికం' అనే పద్దు కింద రాశారు. ఆ పద్దు ఆరోగ్యశాఖ కిందికి రాదు.

మంత్రిగారి ఒంట్లో కూడా అభివృద్ధి కార్యక్రమాలు జోరుగానే సాగుతున్నాయి. సంతకం పెడుతుంటే ముక్కులోంచి నెత్తురు బొట్టు ఫైలు మీద పడింది. ఎర్రసిరాతో అభ్యంతరం తెలిపారనుకుని ఆ ఫైలు వెనక్కి పోయింది. కాళ్ళు పొంగి బూట్లు పట్టలేదు. కొత్త బూట్లొచ్చాయి. ఒక సభలో జనం ఒకరికిద్దరుగా కనిపించారు. ఇంతటి ప్రజాదరణ మునుపెన్నడూ ఎరగనని ఆయన ఆనందబాష్పాలు రాల్చారు.

ఆయన భార్యకి మాత్రం ఆనందం కలగలేదు. ఆవిడ ఒకనాడు మేడ మెట్ల కింద బదులయ్యను ఆపింది.

"తమ్ముడూ, నిజం చెప్పు. ఆయన మాత్ర రోజూ పడుతోందా?"

"ఒక్కరోజు తప్పడం లేదమ్మా" అన్నాడు బదులయ్య. అక్షరాలా నిజమే. ఆవిడ స్థిమితపడి, నువ్వుండబట్టి సరిపోయింది అంటూ లోపలికి వెళ్ళింది. ఆ పూట మాత్ర అతనికి గొంతు దిగలేదు. నీళ్ళు తాగాడు, మళ్ళీ తాగాడు, అది అక్కడే ఉన్నట్టుంది.

మర్నాడు కారులో, డ్రైవరు వినకుండా అద్దం ఎత్తించి, ఇరవై ఏళ్ళలో మొదటిసారి మంత్రిగారికి ఎదురు చెప్పాడు.

"అయ్యా, ఏడుపు వేరు, మాత్ర వేరండి. ఇది తమరి నోట్లోనే పడాలండి. లేకపోతే తమరు నాకు దక్కరండి."

మంత్రిగారి కణత నరం కొట్టుకోవడం పక్కనున్నవాడికి కూడా కనిపిస్తోంది. ఆయన ఎన్నడూ లేనిది మెత్తగా మాట్లాడారు.

"పొద్దున లేస్తే భయంగానే ఉంటుందయ్యా. తల లోపల ఎవడో తలుపు కొడుతున్నట్టుంటుంది. ఈ విజయోత్సవ సభ ఒకటి అయిపోనీ. ఇంటికి రాగానే నా చేత్తో నేనే వేసుకుంటా" అన్నారు.

బదులయ్యకి ఏనుగెక్కినంత సంబరమైంది. ఇంక ఒక్క సభే.

విజయోత్సవ సభ మైదానం పట్టలేదు. ప్రతిపక్ష నాయకుణ్ణి కూడా పిలిచి ముందు వరసలో కూచోబెట్టారు. అన్ని చానళ్ళలో ప్రత్యక్ష ప్రసారం. ఎండ నడినెత్తిన మాడ్చేస్తుంటే, మంత్రిగారు మైకు పట్టుకుని, "రక్తపోటనే మాట ఇక నిఘంటువులోనే" అంటూ అందుకున్నారు. గొంతు పెరిగింది, నరం లేచింది. ఆ తరవాతి మాట సగంలో ఆగింది. మూతి ఎడమ పక్కకి పోయింది. కుడి చేతిలోంచి మైకు జారి, తీగ మీద వేళ్ళాడింది. ఆయన ఇంకా మాట్లాడుతూనే ఉన్నారు గాని, వస్తున్నవి మాటలు కావు, ఏవో ముద్దలు.

జనం చప్పట్లు కొట్టారు. పార్టీ కార్యదర్శి మైకు అందుకుని, మంత్రిగారు ఉద్వేగంతో మాట పెగలక ఇబ్బంది పడుతున్నారని వివరించి, ఆ ముద్దల్లోంచి నాలుగు హామీలు కూడా ఏరి ప్రకటించాడు.

నవ్వు డాక్టరు ముఖంలో మొదటిసారి నవ్వు లేదు. పరుగెత్తుకొచ్చి బదులయ్య భుజం పట్టుకున్నాడు. "పక్షవాతం. ఇప్పుడే ఆసుపత్రికి పోవాలి. ఎంత ఆలస్యమైతే అంత మెదడు పోతుంది. స్ట్రెచర్ తెప్పించండి" అని, ఆసుపత్రికి ఫోను చెయ్యడానికి వేదిక దిగి పరుగెత్తాడు.

భద్రతాధికారి అడ్డం తగిలాడు. మంత్రిగారు జనం ఎదుట స్ట్రెచరెక్కడం ప్రోటోకాల్ ఒప్పుకోదు, ప్రత్యక్ష ప్రసారం నడుస్తోంది, తరవాత అర్జీల స్వీకరణ కూడా ఉంది అన్నాడు. ముందు ఆయన్ని పెద్ద కుర్చీలో కూచోబెట్టి, వాలిపోకుండా రెండు పక్కలా దిళ్ళు పెట్టారు. వేదిక వెనక అంబులెన్సు వచ్చి ఆగింది. స్ట్రెచర్ దింపారు. మనిషెవరని అడిగారు.

"మంత్రిగారు" అన్నాడు బదులయ్య. అంటూనే, ఇరవై ఏళ్ళ అలవాటు ఒళ్ళంతా పాకి, ఎవరూ చెప్పకుండానే వెళ్ళి దాని మీద పడుకున్నాడు.

తలుపు మూసుకుని సైరన్ మొదలయ్యాక గాని అతనికి తనేం చేశాడో తట్టలేదు. లేవబోయాడు. బెల్టులు కట్టేసి ఉన్నాయి. బండి తిప్పమని అరిచాడు. తిప్పడానికి వీల్లేదు, మంత్రిగారి కోసం దారంతా ఒక వైపుకే వదిలారు, ఎదురు వెళ్ళే బండిని పోలీసులు ఆపేస్తారు అన్నాడు డ్రైవరు.

ఆసుపత్రి గుమ్మంలో పెద్ద పెద్ద డాక్టర్లు వరస కట్టి నిలబడ్డారు. "మంత్రిని నేను కాదండీ, ఆయన అక్కడే ఉన్నారు, మీ కాళ్ళు పట్టుకుంటాను, ఆయన్ని తీసుకురండి" అని బదులయ్య మొత్తుకున్నాడు. వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తనెవరో మర్చిపోయాడు, మెదడుకి గట్టిగానే తగిలింది అని ఒకడు గొంతు తగ్గించి అన్నాడు. స్కానింగు చేశారు. గుండె చూశారు, కళ్ళు చూశారు, మూత్రపిండాలు చూశారు. మత్తు సూది కూడా ఇచ్చారు, పేషెంటు బాగా ఏడుస్తున్నాడని. వరండాలో విలేఖరులకి బులెటిన్ చదివారు: మంత్రిగారి ఆరోగ్యం భేషుగ్గా ఉంది, మెదడులో ఏ లోపమూ లేదు, రక్తపోటు ఉండాల్సినదానికన్నా తక్కువే ఉంది, వదంతులు నమ్మవద్దు.

అంతలో మంత్రిగారి భార్య చెప్పులైనా లేకుండా పరుగెత్తుకొచ్చి, గదిలో మంచం చుట్టూ ఉన్న తెర లాగింది. మంచం మీద బదులయ్యను చూసింది.

"ఆయనేరీ, తమ్ముడూ?"

అతని నాలుక మత్తుకి మొద్దుబారింది. మాట రాలేదు. చెయ్యి ఎత్తి ఎదుటి గోడ మీదున్న టీవీని చూపించాడు.

అందులో అర్జీల స్వీకరణ సాగుతోంది. జనం బారులు తీరి ఒక్కొక్కరే వేదికెక్కి మంత్రిగారి ఒళ్ళో కాగితం పెట్టి దిగుతున్నారు. ఆయన ఎవరినీ విసుక్కోవడం లేదు. ఎవరికీ కాదనడం లేదు. తల ఒక పక్కకి వాల్చి అందరికీ సరేనంటున్నారు. ఇంత ఓపిక గల నాయకుణ్ణి తన జీవితంలో చూడలేదని ప్రతిపక్ష నాయకుడు పక్కన కళ్ళొత్తుకుంటున్నాడు. ఒక ముసలావిడ అర్జీ ఒళ్ళో పెట్టి, చేతులు పట్టుకుని, అలాగే నిలబడిపోయింది.

"బాబుగారి చెయ్యి చల్లగా ఉందేంటయ్యా?" అంది.

"ముందుకి నడవమ్మా, వెనక ఇంకా జనం ఉన్నారు" అన్నాడు భద్రతాధికారి.